డ్రమ్మర్ ముందు నడిస్తే: ‘స్పెక్ట్రమ్’ ఎలా వినాలి?

పాట అనగానే ఎవరు పాడారు, ఎవరు రాశారు అని అడుగుతాం. డ్రమ్స్ ఎవరు వాయించారని అడిగేవాళ్లు మన నల్లగొండలోనే కాదు, ఎక్కడైనా తక్కువే. ఆ అలవాటుతో జాజ్-రాక్ డ్రమ్మర్ బిల్లీ కోబమ్ ఆల్బమ్ ‘స్పెక్ట్రమ్’ (1973) పెట్టుకుంటే చిరాకే మిగులుతుంది. ఇందులో పాడేవాళ్లు లేరు. బాణీలన్నీ డ్రమ్మర్‌వే. మొదటి ట్రాక్ ‘క్వాడ్రంట్ 4’ ఊపిరి తీసుకోనివ్వదు.

కానీ దరువు దారి చూపడం మనకు కొత్తేం కాదు. పీర్ల పండుగకు గుండం చుట్టూ ఆడేవాళ్లను చూడండి. డప్పు దరువు మారగానే అడుగు మారిపోతుంది, ఒకరు చెప్పాల్సిన పని లేదు. కుడిచేతి సిర్ర దెబ్బ వేస్తుంటే ఎడమచేతి సన్న పుల్ల సందులు నింపుతుంటుంది. ఆ రెండు చేతుల పనిని విడివిడిగా పట్టుకోగలిగిన చెవికి కోబమ్ తొందరగానే దొరుకుతాడు. చాలామంది డ్రమ్మర్లలా ఆయన ఒక చెయ్యి మీదుగా ఇంకో చెయ్యి అడ్డంగా వేసి వాయించడు. ఎడమచేత్తోనే హైహ్యాట్ (ఎడమ పక్కన స్టాండుకు ఉండే జత తాళాలు) నడిపిస్తాడు, కుడిచెయ్యి మిగతా డ్రమ్ముల మీద స్వేచ్ఛగా తిరుగుతుంది.

పనామాలో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన కోబమ్‌కు గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ నడిపిన జాజ్-రాక్ బ్యాండ్ మహావిష్ణు ఆర్కెస్ట్రాతో పెద్ద పేరొచ్చింది. ఆ తర్వాత తన పేరు మీద చేసిన మొదటి ఆల్బమ్ ఇది. కీబోర్డుకు అదే బ్యాండ్ నుంచి యాన్ హామర్‌ను తెచ్చుకున్నాడు. గిటార్‌కు మాత్రం 21 ఏళ్ల రాక్ కుర్రాడు టామీ బోలిన్‌ను, చాలా ట్రాక్‌లలో బాస్ గిటార్‌కు పాప్ గాయకుల వెనక వాయించే లీలాండ్ స్క్లార్‌ను ఎంచుకున్నాడు. నా లెక్కలో ఈ ఆల్బమ్‌లో కోబమ్ గొప్పతనం సగం ఈ ఎంపికలోనే ఉంది.

మిగతా సగం ‘స్ట్రాటస్’ అనే ట్రాక్‌లో ఉంది. మొదట దాదాపు మూడు నిమిషాలు సింథసైజర్ చప్పుళ్లు, వాటి మధ్య డ్రమ్స్ గడబిడ. నిజం చెప్పాలంటే అంతసేపు అక్కర్లేదు. ఆ తర్వాత స్క్లార్ చిన్న బాస్ ముక్క ఒకటి ఎత్తుకుంటాడు. ఇక దాన్ని వదలడు. పైన బోలిన్ గిటార్ ఎంత రెచ్చిపోయినా కింద ఆ ముక్క కదలదు. అంత వేగం చేతిలో ఉన్న కోబమ్ కూడా ఇక్కడ తగ్గి తాళం పట్టుకుని కూర్చుంటాడు, గిటార్ విసురుకు జవాబుగా మధ్యమధ్యలో విరుచుకుపడతాడు. 1991లో బ్రిటిష్ బృందం మాసివ్ అటాక్ ‘సేఫ్ ఫ్రమ్ హార్మ్’ పాటకు ఇదే బాస్‌ను పునాదిగా వాడుకుంది.

ట్రాక్‌ల ముందు అక్కడక్కడా అతికించిన చిన్న చిన్న డ్రమ్ సోలోలు (డ్రమ్స్ ఒక్కటే మోగే ముక్కలు) మాత్రం నాకు నచ్చవు. అవి డ్రమ్స్ నేర్చుకునేవాళ్లకు పాఠాలు కావచ్చు, వినేవాళ్లకు అడ్డం. కొత్తగా వినేవాళ్లు వరుస పాటించకుండా ‘స్ట్రాటస్’తో మొదలుపెట్టి, తర్వాత నెమ్మదిగా ఊగే ‘రెడ్ బ్యారన్’ వినడం మేలు. ‘క్వాడ్రంట్ 4’ ఆఖరికి. ఫోన్ స్పీకర్లో మాత్రం పెట్టకండి. అందులో స్క్లార్ బాస్ సరిగా వినపడదు, అది లేకపోతే కోబమ్ ఎందుకు తగ్గి వాయిస్తున్నాడో అర్థం కాదు.