నిలబడడానికీ ముహూర్తం

ఊపిరికి తగ్గట్టు నెమ్మదిగా కదిలే చైనా వ్యాయామం చీగాంగ్‌ను రోజూ వదలకుండా చేసేదెలా అని చాలామంది బెంగపెట్టుకుంటున్నారు. ఆ బెంగే సగం సాధన. మిగతా సగం సన్నాహం. అసలు చేయడమనేది ఈ రెండింటికీ అడ్డు రాకుండా చూసుకోవాలి, అంతే.

చీగాంగ్‌తో వచ్చిన చిక్కల్లా అది మననేమీ అడగకపోవడమే. 2003లో చైనా క్రీడల శాఖ ఒక క్రమంలో పెట్టిన బాదువాన్‌జిన్‌నే తీసుకోండి. ఎనిమిది కదలికలు, దాదాపు 12 నిమిషాలు. చేతులు బారచాపేంత చోటుంటే చాలు. ఇంత చిన్న పనిని తీరిక లేదని ఎగ్గొట్టడానికి ముఖం చెల్లదు. అందుకే తెలివైనవాళ్లు ముందు దాన్ని పెద్దది చేస్తారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి, గంటసేపు చేయాలి, ప్రాచీన వైద్యుడు హువా టువో పేరు మీద ప్రచారంలో ఉన్న ఐదు జంతువుల ఆటనూ కలపాలి. సోమవారం పులి, జింక, ఎలుగుబంటి, కోతి, పక్షి అన్నీ హాజరు. గురువారానికి ఎలుగుబంటి ఒక్కటే మిగులుతుంది. అదీ దుప్పటి కింద, శీతాకాలపు నిద్రలో.

ఆ తర్వాతిది పరిశోధన దశ. 1973లో చైనాలోని మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టుగుడ్డ మీద 44 మంది వ్యాయామం చేస్తున్న బొమ్మలున్నాయని మన సాధకుడు నిద్రలో లేపినా చెబుతాడు. క్రీస్తుపూర్వం 168లో మూసిన సమాధి అది. వాళ్లు రెండు వేల ఏళ్లకు పైగా మట్టి కింద ఉండి కూడా ఎత్తిన చేయి దించలేదు. ఈయన చేయి మాత్రం ఇంకా ఫోన్ దాటి పైకి లేవలేదు. చీ, అంటే ప్రాణశక్తి, పోగయ్యే చోటని చెప్పే దాన్‌త్యెన్ బొడ్డు కింద ఎన్ని వేళ్ల దూరంలో ఉందో ముందు తేలాలట.

ఎప్పుడైనా పొరపాటున నిలబడ్డాడనుకోండి, మోకాళ్లు కొంచెం వంచి, చెట్టును కౌగిలించుకున్నట్టు చేతులు పెడతాడు. రెండు నిమిషాలకు కాళ్లు వణుకుతాయి. చీ కదులుతోందని ఇంటిల్లిపాదికీ ప్రకటన వెలువడుతుంది. తొడ కండరాల వాదన ఎవరూ వినరు.

మూడు రోజులు మానేస్తే నాలుగో రోజు బాకీ మొత్తం ఒకేసారి తీర్చాలన్న నియమం కూడా ఉంది. అంత బాకీ చూసి గుండె జారి, మళ్లీ ఒకటో తారీఖు కోసం ఎదురుచూస్తారు. ఆరంభశూరులకు ప్రతి నెలా ఒకటో తారీఖు రావడం కాలం చేసిన మహోపకారం.

ఇంత పకడ్బందీ వ్యవస్థకు చెడ్డపేరు తెచ్చే జాతి ఒకటుంది. పళ్లు తోముకున్న వెంటనే, నలిగిన బట్టలతోనే నిలబడి, రెండు చేతులూ ఆకాశానికెత్తే మొదటి కదలిక మొదలుపెట్టేస్తారు. ఒంట్లో బాగోలేని రోజున చివరిదొక్కటే, ఏడుసార్లు మడమలెత్తి దించి, పనిలో పడతారు. నిన్న మానేసినా ఈరోజు అదే 12 నిమిషాలు, వడ్డీ కట్టరు. ఏం అనుభూతి కలిగిందని అడిగితే "పెద్దగా ఏం లేదండీ" అంటారు. ఏళ్ల తరబడి ఇదే వరస. వీళ్లను చూసి పదిమందీ ఇలాగే మొదలుపెట్టేస్తే సన్నాహాల గతేం కావాలి? కనీసం ఒక ఖరీదైన చాపైనా కొనేదాకా వీళ్లను నిలబడనివ్వకూడదని మనవి.