రెండేళ్లు కలిపి చెప్పిన వయసు

నాజీ శిబిరాల నుంచి టీనేజీలో బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలు చదివేటప్పుడు నేరుగా ఆకలి పేజీల్లోకి వెళ్లిపోతాం. కాస్త ముందే, వయసు చెప్పిన చోట ఆగాలి. పోలండ్‌లోని నాజీ శిబిరం ఆష్విట్స్‌లో రైలు దిగిన ర్యాంపు మీద, శిబిరాలు నడిపిన నాజీ దళం ఎస్ఎస్ డాక్టరు ఒక్కొక్కరినీ చూసేది కొన్ని సెకన్లే. పనికొస్తాడనుకుంటే ఒక పక్కకు, లేదంటే గ్యాస్ చాంబర్ పక్కకు. చిన్నపిల్లలు, వాళ్లను ఎత్తుకున్న తల్లులు, ముసలివాళ్లు దాదాపు అందరూ రెండో పక్కకే వెళ్లారు. పదిహేనేళ్లప్పటి ఆష్విట్స్ జ్ఞాపకాలు పదేళ్లప్పటి వాటికన్నా ఎక్కువగా మిగలడానికి అసలు కారణం ఇదే.

1944 మే 15 నుంచి జూలై 9 దాకా హంగరీ నుంచి 4 లక్షలకు పైగా యూదులను ఆష్విట్స్‌కు తరలించారు. వాళ్లలో ఒకడు, తర్వాత రచయిత అయిన సిగెట్ ఊరి ఎలీ వీజెల్. అతనికి అప్పుడు 15 ఏళ్లు. 18 అని చెప్పమని ర్యాంపు దగ్గరే ఓ ఖైదీ చెవిలో వేశాడు. యాభై ఏళ్ల తండ్రిని నలభై అనమన్నాడు. ఈ ఘట్టం ఉన్న అతని జ్ఞాపకాల పుస్తకం ‘నైట్’ 1960 నాటి ఇంగ్లిష్ అనువాదంలో అతనికి ఇంకా పదిహేను నిండలేదు. 2006 అనువాదంలో దాన్ని పదిహేనుగా సరిచేశారు. ఇలాంటి తేడా దొరికితే చాలు, మొత్తం కథే కల్పన అనేవాళ్లు బయల్దేరతారు. జ్ఞాపకం తప్పితే కాగితాన్ని నమ్ముదామంటారు. ఆ కాగితం సంగతీ చూద్దాం.

అంతకుముందు తిండి లెక్క. ఆష్విట్స్‌లో పొద్దున అర లీటరు కాఫీలాంటి నీళ్లు, మధ్యాహ్నం సుమారు లీటరు సూపు, రాత్రి 300 గ్రాముల నల్ల రొట్టె, దాంతో పాతిక గ్రాముల సాసేజో మార్జరీనో. ఆ రొట్టె మర్నాడు పొద్దుటికీ కలిపి. దాచుకుంటే నిద్రలో పోతుంది, తినేస్తే పొద్దున ఏమీ ఉండదు. సూపులో దుంపముక్కలు అడుగున ఉంటాయి కాబట్టి క్యూలో మొదట నిలబడ్డవాడికి పైనీళ్లే. గిన్నె పోతే అదీ లేదు. ఎదిగే వయసు కదా అని కుర్రాళ్లకు ఒక్క గ్రామూ ఎక్కువ వేయలేదు: పెద్దవాడినని చెప్పుకున్నందుకు పెద్దవాళ్ల పనే, అదే సూపు.

ఇక కాగితం. 2002లో సాహిత్య నోబెల్ అందుకున్న హంగరీ రచయిత ఇమ్రె కెర్తేస్‌ను కుర్రాడిగా ఆష్విట్స్‌కు, అక్కణ్నుంచి జర్మనీలోని బుకెన్‌వాల్డ్ శిబిరానికి పంపారు. నోబెల్ ప్రసంగంలో ఆయన, బుకెన్‌వాల్డ్ స్మారక కేంద్రం నుంచి వచ్చిన ఓ కవరు గురించి చెప్పారు. అందులో 1945 ఫిబ్రవరి 18 నాటి ఖైదీల రోజువారీ నివేదిక నకలు ఉంది. శిబిరం లెక్కలోంచి తగ్గినవాళ్ల పట్టీలో 64,921 నంబరు ఖైదీ: ఇమ్రె కెర్తేస్, ఫ్యాక్టరీ కార్మికుడు, పుట్టింది 1927, మృతి. ఆయన పుట్టింది 1929లో, పట్టుకుపోయేనాటికి ఫ్యాక్టరీ పనికి పంపిన బడి పిల్లాడు. పిల్లల్లో కలిపేయకుండా రెండేళ్లు కలిపి చెప్పాడు. విద్యార్థి కన్నా కార్మికుడైతే పనికొస్తాడనుకుంటారని ఆ వృత్తి చెప్పాడు. మన దగ్గర బడిలో వేసేటప్పుడు పుట్టిన తేదీ సర్దడం మామూలే గానీ, ఇక్కడ సర్దింది ప్రాణం కోసం. ఆ రెండు అబద్ధాలు ఖైదీవి. మూడోది, మృతి అన్నది, శిబిరం గుమాస్తా రాసింది.

ఏప్రిల్ 11న అమెరికా సైన్యం బుకెన్‌వాల్డ్ చేరేసరికి ఆ 64,921 ఊపిరితోనే ఉన్నాడు. వయసు 15.