పావు ఎనిమిది

లైప్‌జిగ్ రైల్వే స్టేషన్ ముందు పొద్దున ఎనిమిదీ అయిదుకి నిలబడి ఉన్నాను. చెప్పిన టైముకి పది నిమిషాల ముందే వచ్చానన్న గర్వం ఒక పక్క, జర్మన్లే ఇంకా రాలేదన్న చిలిపి సంతోషం ఇంకో పక్క. 1915లో కట్టడం పూర్తయిన ఆ స్టేషన్ ఎంత పెద్దదంటే, దాని ముందు ఎంత గర్వంగా నిలబడినా మనిషి చీమలాగే కనిపిస్తాడు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఎనిమిదీ పావుకి అందరం అక్కడ కలిసి ఆఫీసు పని మీద బెర్లిన్ వెళ్ళాలి. మేం ముగ్గురం. లైప్‌జిగ్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలోనే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మా తెలుగువాడు, నేను. ఎనిమిదీ పావు అయింది. ఎవరూ లేరు. ఎనిమిదీ ఇరవై అయింది. అప్పటికీ లేరు. ఫోన్ తీసి చూస్తే ఏడు మిస్డ్ కాల్స్! రాత్రి సైలెంట్‌లో పెట్టి మర్చిపోయాను. ఏడూ పెద్దాయన చేసినవే, ఏడూ ఇరవైకీ ఏడున్నరకీ మధ్య. చూడండి, ఎనిమిదీ పావుకి కలవాల్సిన మనిషికి గంట ముందు నుంచే గుర్తు చేస్తున్నారు, క్రమశిక్షణ అంటే ఇదీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కొంచెం కళ్ళు కూడా చెమర్చాయి.

ఇక్కడ నా జర్మన్ గురించి చెప్పుకోవాలి. ఒక ఏడాది ఆదివారాలన్నీ ధారపోసి నేర్చుకున్న భాష అది. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. కాకపోతే ఆ పరీక్ష పేపర్‌లో మాట్లాడే జర్మన్లకి ఊరూ పేరూ ఉండవు, ముక్కుదిబ్బడ ఉండదు, నోట్లో బ్రెడ్డు ముక్క ఉండదు. అందరూ రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతారు. అలాంటి జర్మన్ ఒక్కడు కూడా నాకు బయట ఎదురుపడలేదు.

మొదటి వారం హాంబర్గ్‌లో ఉన్నాను. రాత్రి తొమ్మిదింటికి లిఫ్ట్‌లో ఒకాయన నన్ను చూసి "మోయిన్" అన్నాడు. పొద్దున పూట చెప్పే "గూటెన్ మోర్గెన్" నాకు వచ్చు. తొందరలో ఉంటే "మోర్గెన్" అంటారనీ తెలుసు. అదే ఇంకా అరిగిపోయి "మోయిన్" అయి ఉంటుందని లెక్క వేసుకున్నాను. పాపం నైట్ షిఫ్టేమో, పగలూ రాత్రీ తెలియడం లేదని జాలి వేసింది. "గూటెన్ ఆబెంట్" అని, సాయంత్రం అనే ముక్కని బాగా ఒత్తి, టీచరు తప్పు దిద్దినట్టు దిద్దాను. ఆయన నవ్వి "మోయిన్ మోయిన్" అంటూ దిగిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఒకామె "మోయిన్" అంది. సాయంత్రం బస్సు డ్రైవరు కూడా. మొత్తం ఊరికి గడియారం చెడిపోయిందన్న నిర్ణయానికి వచ్చేలోపు మావాడు చెప్పాడు, ఉత్తర జర్మనీలో అది ఇరవై నాలుగు గంటలూ చెల్లే పలకరింపని. పొద్దుతో దానికి చుట్టరికం లేదట, "మంచిది" అనే అర్థమున్న అక్కడి పాత మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది చెబుతారట. ఆ లిఫ్ట్ ఆయన మళ్ళీ కనిపిస్తే క్షమాపణ చెబుదామనుకున్నాను గానీ, ఈ లోపే లైప్‌జిగ్ రావాల్సి వచ్చింది.

హాంబర్గ్‌లో వాళ్ళు మాటల్ని అరగదీస్తే, సాక్సనీలో మెత్తబరుస్తారు. క, ట, ప వాళ్ళ నోట్లో గ, డ, బ అయిపోతాయి. దీని మీద 2012లో స్టుట్‌గార్ట్‌లో ఒక కోర్టు తీర్పే ఉంది. సాక్సనీ ఆవిడ ఒకరు ట్రావెల్ ఏజెన్సీకి ఫోన్ చేసి విమానం టికెట్ బుక్ చేయమంది. ఆవిడ వెళ్ళాలనుకున్నది పోర్చుగల్‌లోని పోర్టోకి. మీరే ఒకసారి ప ని బ చేసి, ట ని డ చేసి పలికి చూడండి. ఏజెన్సీ వాళ్ళకి ఫ్రాన్సులోని బోర్డో వినబడింది, ఆ టికెట్టే తీశారు. ఆవిడ డబ్బు కట్టనంది. బుక్ చేసే ముందు ఊరి పేరు శుద్ధమైన జర్మన్‌లో రెండుసార్లు పలికి వినిపించారు కాబట్టి 294 యూరోలు కట్టాల్సిందేనని కోర్టు తేల్చింది. నాకైతే ఆవిడ మీదే జాలి. తన చెవికి రెండూ ఒకటే అయినప్పుడు రెండుసార్లు వినిపిస్తే ఏంటి, ఇరవైసార్లు వినిపిస్తే ఏంటి? పైగా 1522లో మార్టిన్ లూథర్ బైబిల్ కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చినప్పుడు ఆధారంగా పెట్టుకున్నది ఇదే సాక్సనీ రాచకచేరీల భాష. ఇప్పుడేమో ఆ యాస వినబడితే చాలు మిగతా జర్మన్లు ఎగతాళి చేస్తారు.

సరే, ముందు రోజు సాయంత్రం ఆఫీసు మెట్ల దగ్గర మా పెద్దాయన అన్నది ఇది: "రేపు ఫియర్టెల్ ఆఖ్ట్‌కి, స్టేషన్ ముందు." ఫియర్టెల్ అంటే పావు. ఆఖ్ట్ అంటే ఎనిమిది. ఎనిమిదీ పావు అనడానికి క్లాసులో మాకు నేర్పింది "ఫియర్టెల్ నాఖ్ ఆఖ్ట్". మధ్యలో "నాఖ్" ఏమైందని ఒక్క క్షణం ఆలోచించాను. హల్లులన్నిటినీ అంత మెత్తగా నమిలేసే మనిషి చిన్న "నాఖ్"ని మింగేయడా అని సరిపెట్టుకున్నాను. నిర్ధారణ కోసం "ఓకే, ఫియర్టెల్ ఆఖ్ట్" అని తిరిగి చెప్పాను కూడా. ఆయన తల ఊపాడు, నేనూ ఊపాను. ఇద్దరు మనుషుల మధ్య అంతకంటే సంపూర్ణమైన ఏకాభిప్రాయం ఉండదు.

ఇక స్టేషన్ దగ్గరికి వద్దాం. ఎనిమిదిన్నర అయింది. పెద్దాయన నంబరుకి చేస్తే కలవడం లేదు. లోపలికెళ్ళి యూనిఫాంలో ఉన్న ఒకావిడని ఆపి, నా మార్కుల లిస్టు స్థాయి జర్మన్‌లో అడిగాను.

"బెర్లిన్ ట్రైను వెళ్ళిపోయిందా?"

"ను" అంది.

అమ్మయ్య, ఇంకా వెళ్ళలేదు. మరి వీళ్ళేరి? చిన్న అనుమానం పట్టుకుని ఇంకో ప్రశ్న వేశాను. "బెర్లిన్ లైనులో అంతా సవ్యంగానే ఉందా?"

"ను, ను" అంది, ఈసారి రెండుసార్లు, తల కూడా ఆడిస్తూ. చక్కా వెళ్ళిపోయింది.

సవ్యంగా లేదు! లైను మీద ఏదో జరిగింది. ఏడు మిస్డ్ కాల్స్ ఇప్పుడు వేరే రంగులో కనిపించడం మొదలుపెట్టాయి. అవి గుర్తు చేయడానికి చేసిన కాల్స్ కాదేమో. చేతులు చల్లబడ్డాయి. మావాడికి ఫోన్ కలిపాను. ఎత్తింది వాడు కాదు, వాడి రూంలో ఉండే కుర్రాడు. చదువుకోవడానికి వచ్చాడు, అతనిదీ అటు వైపే.

"అన్న లేడన్నా, పోయిండు."

నేను పెరిగిన కోస్తా వైపు తెలుగులో మనుషులు ఎక్కడికైనా వెళ్తారు. ఊరికి వెళ్తారు, ఆఫీసుకి వెళ్తారు. ఎక్కడికో చెప్పకుండా ఉత్తినే "పోయాడు" అంటే మాత్రం, అది మనిషి జీవితంలో ఒక్కసారే జరుగుతుంది.

"పోయాడా? ఎప్పుడు?"

"పొద్దుగాల్నే."

"ఎలా?"

"ట్రైన్ల."

ట్రైన్లోనా, ట్రైన్ కిందా అని అడగడానికి నోరు రాలేదు. అక్కడే ఉన్న బెంచీ మీద కూలబడ్డాను. పక్కన శాండ్‌విచ్ తింటున్న ముసలాయన కొంచెం జరిగాడు.

"నువ్వు... చూశావా తమ్ముడూ?"

"చూసిన గదన్నా. తలుపు నేనే తీసిన. చాయ్ గూడ తాగలే, ఉరుక్కుంట పోయిండు."

చివరిసారి టీ కూడా తాగలేదు! ఆ ముక్కతో నా గొంతు పూడుకుపోయింది. ముందు రోజే వాడితో ఏదో ఎక్సెల్ షీటు గురించి గొడవపడ్డాను. అది వాడిదే కరెక్టు.

"మరి... ఇంటికి చెప్పారా? వాళ్ళ అమ్మగారికి?"

"ఇంటికెందుకన్నా చెప్పుడు?" అన్నాడు కుర్రాడు, నిజంగా అర్థంకాక. "వారం వారం పోతడు గద."

వారం వారం పోయే మనిషి గురించి ఇంతవరకు నేను వినలేదు. మెదడు ఆ వాక్యం దగ్గర ఆగిపోయింది. అవతల కుర్రాడు ఇంకా ఏదో చెబుతున్నాడు, ఫోన్ ఛార్జింగ్‌ల పెట్టి మరిచిపోయిండు, సాయంత్రం వస్తడు, ఏమన్న చెప్పాల్నా అని. వస్తడు. సాయంత్రం వస్తడు. నేను ఏడుస్తూ నవ్వడం చూసి ముసలాయన శాండ్‌విచ్ తీసుకుని వేరే బెంచీకి వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాలకి పెద్దాయన నంబర్ నుంచి కాల్ వచ్చింది. మాట్లాడింది మావాడు, బతికే ఉన్నాడు, కోపంగా ఉన్నాడు.

"ఏడూ పావుకు రమ్మంటె ఎక్కడ చచ్చినవ్?"

చచ్చింది నేనా! అయినా ఎనిమిదీ పావు కదా అన్నాను. అప్పుడు చెప్పాడు. జర్మనీలో ఈ తూర్పు వైపూ, దక్షిణాన కొన్ని చోట్లా ఫియర్టెల్ ఆఖ్ట్ అంటే ఏడూ పావు. ఏడు కొట్టాక ఎనిమిదో గంట మొదలవుతుంది. అందులో పావు వంతు అయితే "పావు ఎనిమిది", సగం అయితే "అర ఎనిమిది", మూడు వంతులైతే "ముప్పావు ఎనిమిది". మొత్తం నిండితే ఎనిమిది. ఆ "అర ఎనిమిది" జర్మనీ అంతటా ఉన్నదే, మా క్లాసులో కూడా చెప్పారు. సగాన్ని అలా లెక్కపెట్టేవాళ్ళు పావుని మాత్రం ఎందుకు వదిలేస్తారని నాకు అనుమానం రావాల్సింది, రాలేదు.

వింటుంటే ఈ లెక్క నాకు ముందే తెలుసనిపించింది. మా నాయనమ్మ వయసులు చెప్పే పద్ధతి అచ్చం ఇదే. ఏడేళ్ళు నిండి మూడు నెలలైన పిల్లాణ్ణి ఎవరైనా ఎన్నేళ్ళని అడిగితే "ఎనిమిదో ఏడు నడుస్తోంది" అనేది. ఏడూ మూడు నెలలు, సరిగ్గా ఫియర్టెల్ ఆఖ్ట్! లైప్‌జిగ్‌లో నాయనమ్మ ఒక్కరోజు కూడా తడబడి ఉండేది కాదు. బార్సెలోనాలో కూడా నెగ్గుకొచ్చేది. అక్కడి కాటలాన్‌లో ఏడూ పావుని "ఎనిమిదిలో ఒక పావు" అంటారు. అదే భాష మాట్లాడే వాలెన్సియాలో మాత్రం "ఏడూ పావు" అనే అంటారు. ఇక ఇంగ్లండ్‌లో "హాఫ్ సెవెన్" అంటే ఏడున్నర. జర్మన్ చెవితో వింటే అది ఆరున్నర. ఈ రెండు భాషలూ చుట్టాలని చెబుతారు, చుట్టాల మధ్యే కదా ఇలాంటి పేచీలన్నీ.

బెర్లిన్ వెళ్ళే తర్వాతి ట్రైనులో కిటికీ పక్కన కూర్చుని లెక్క తీశాను. నేను ఇన్నాళ్ళూ తెలియని మాటలకి భయపడ్డాను. ఆ మాటలు నాకు ఏ హానీ చేయలేదు, అర్థంకాక అడిగి తెలుసుకున్నాను. నన్ను ముంచినవన్నీ నాకు బాగా వచ్చిన మాటలే. పోయినేడు దక్షిణాఫ్రికా నుంచి ఒకామె మాతో పనిచేసేది. "జస్ట్ నౌ ఫోన్ చేస్తా" అంది. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, బాత్రూంకి కూడా వెళ్ళకుండా గంటన్నర కూర్చున్నాను. వాళ్ళ ఇంగ్లీషులో "జస్ట్ నౌ" అంటే కాసేపాగి, వీలు చూసుకుని, దేవుడు దయతలిస్తే అని. త్వరగా చేసే ఉద్దేశముంటే "నౌ నౌ" అంటారట. ఇంకా నయం, నేను స్పానిష్ జోలికి పోలేదు. "గ్వాగ్వా" అనే మాట కెనరీ దీవుల్లో బస్సు, చిలీలో పసిబిడ్డ. చిలీ మనిషికి ఆ దీవుల్లో ఎవరైనా "ఎందుకు నడవడం, గ్వాగ్వా ఎక్కు" అని సలహా ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో ముగ్గురం కలిసే కూర్చున్నాం. కుర్రాడు ఎలా చెప్పాడో గానీ, నేను ఫోన్లో ఏడ్చిన సంగతి అప్పటికే మావాడికి చేరింది. నా మొహం చూడగానే మొదలుపెట్టాడు.

"నేను పోయిన్నని మస్తు ఏడ్చినవంట?"

"పోయిండు అంటే మరి..."

"మరి మీ దిక్కు కరెంటు పోతది గద. దానికి గూడ గిట్లనే ఏడుస్తరా?"

సమాధానం లేదు. కరెంటు మా వైపు నిజంగానే పోతుంది, వెళ్ళదు. మావాడు ఇదంతా జర్మన్‌లో పెద్దాయనకి చెప్పాడు. ఆయన మర్యాద కొద్దీ కాసేపు ఆపుకుని, ఆపుకోలేక నవ్వాడు. అప్పుడే ఆ యూనిఫాం ఆవిడ గురించి కూడా అడిగాను. ట్రైను వెళ్ళిందా అంటే "ను" అందనీ, అంతా సవ్యమేనా అంటే "ను, ను" అందనీ. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సాక్సనీలో "ను" అంటే అవునట.

స్టేషన్‌లో దిగేటప్పుడు ఆయన నా వైపు తిరిగి, రేపు ఆఫీసులో మీటింగ్ "డ్రై ఫియర్టెల్ నోయిన్"కి అన్నాడు. అని, నా మొహం చూసి, జేబులోంచి ట్రైన్ టికెట్ తీసి వెనక వైపు 8.45 అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి నా చేతిలో పెట్టాడు. అర్థమైందా అన్నట్టు చూశాడు.

"ను" అన్నాను.

"అవునంటున్నవా, కాదంటున్నవా?" అన్నాడు మావాడు.