కొంకోర్డియా అవ్వకు బెంగళూరు నుంచి ఒక బోరు బాధితుడు

అవ్వా,

స్విట్జర్లాండ్ కొండల్లో 2,850 మీటర్ల ఎత్తున, కొండలెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే గుడిసెవై బండకు అతుక్కుని కూర్చున్న నీకు, వర్తూరు దగ్గర నాలుగో అంతస్తు నుంచి నమస్కారం. నేను గుర్తుండనులే. పోయిన జులైలో నీ మెట్ల మధ్యలో కమ్మీ పట్టుకుని "ఇంకెన్నున్నాయిరా" అని తెలుగులో ఏడ్చినవాణ్ణి.

ముందు ఆ మెట్ల సంగతి తేల్చు. యుంగ్‌ఫ్రౌయోఖ్‌లో రైలు దిగి, నడుములకు తాడు కట్టుకుని, గైడు వెనకాల మేకపిల్లల్లా మంచు మీద గంటలకొద్దీ నడిచాం. తిరుపతిలో గాలిగోపురంలా నువ్వు కనిపిస్తూనే ఉన్నావు గానీ ఎంతకీ రావు. తీరా దగ్గరికొస్తే నెత్తిమీదున్నావు. నాలుగు వందలకు పైగా ఇనుప మెట్లు! అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాణ్ణి, ఇదెంత అనుకున్నా. అక్కడ మధ్యలో బజ్జీలు దొరుకుతాయి, నీ దగ్గర గాలి కూడా కొసరి కొసరి ఇస్తారు.

1877లో అక్కడ మొదటి గుడిసె వేసినప్పుడు మంచు మీంచి 50 మీటర్లు ఎక్కితే సరిపోయేదట. ఇప్పుడది 150 దాటింది. నువ్వు ఉన్నచోటే ఉన్నావు, కింద ఆలెచ్ హిమానీనదమే కరిగి దిగిపోతోంది. అది దిగినకొద్దీ కింద కొత్త మెట్లు తగిలిస్తూ పోతున్నారు.

ఇది అచ్చం మా అపార్ట్‌మెంట్ బోరు కథ! ఫ్లాట్ కొన్నప్పుడు 600 అడుగుల్లో నీళ్ళన్నారు. 2024 ఎండాకాలంలో ఊరు ఊరంతా ట్యాంకర్ల వెంట పడ్డప్పుడు మా మోటారు గాలి మింగి గరగరమంది. బోరు లారీ వచ్చి రాత్రంతా పొడిస్తే 1,100 అడుగులకు కాస్త తడి తగిలింది. తెల్లారి చూస్తే పార్కింగ్‌లో కార్లన్నీ రాతిపొడితో విబూది పూసుకుని శివభక్తుల్లా నిలబడి ఉన్నాయి. ఆ పక్కనే డైరీ పట్టుకుని మా సెక్రటరీ గారు, ఫ్లాటుకెంతో లెక్క చెప్పడానికి.

ఒక్క విషయంలో మాత్రం నీదే పైచేయి. నీ ముందు మంచు నదులన్నీ వచ్చి ట్రాఫిక్ జామ్‌లకు పేరుమోసిన మా సిల్క్ బోర్డు జంక్షన్‌లా కలుస్తాయి కదా, అవి ఏడాదికి నూరు మీటర్లకు పైగా ముందుకు కదులుతాయట. మాకు ఆ వేగం పండగ రోజుల్లోనే.

అన్నట్టు, "కరిగిపోకముందే చూసేద్దాం" అని ఆఫీసు గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే. ఐదుగురం ఎగబడి విమానమెక్కాం, అంటే మంచు కరగడం చూడ్డానికి బెంగళూరు నుంచి కిరోసిన్ కాల్చుకుంటూ వచ్చామన్నమాట. పైగా రాత్రి నీ బల్ల మీద గోంగూర పచ్చడి నంజుకుంటూ వాతావరణ మార్పు గురించి గంటసేపు బాధపడ్డాం. నువ్వు విన్నావో లేదో.

ఈ ఉత్తరం రాస్తుండగానే సెక్రటరీ మెసేజ్ వచ్చింది. మోటారు ఇంకో రెండు పైపులు కిందికి దించాలంట, ఫ్లాటుకు 3,500. నీ ముందు ఇంకా ఎనిమిది వందల మీటర్ల మందాన మంచుందంటున్నారు కాబట్టి నీకు తొందరేం లేదు. నీ మెట్లకు చందాలు వసూలు చేసేదెవరో ఆయన నంబరుంటే పంపించు. మా సెక్రటరీకి కాస్త మర్యాదగా అడగడం నేర్పిస్తాడేమో.

ఇట్లు,
నాలుగో అంతస్తు మనవడు