జమీందారు గాజా, ఫిరోజాబాద్ గాజా?

విజయనగరం గంటస్తంభం దగ్గర పాత సామాన్ల కొట్టులో తమ్ముడు ఒక నారింజరంగు గాజు గ్లాసు కొన్నాడు. వెలుగులో తిప్పితే పైన ఏడు రంగులూ మెరుస్తాయి. జమీందారు బంగళాలోదని చెప్పి అమ్మారు. అక్కడ మొదలైంది అతనికీ అప్పకీ, అంటే అక్కకీ, వాదం.

తమ్ముడు: ఇది ఇంగ్లండ్ సరుకే అప్పా. బర్మింగ్‌హామ్ ఆస్లర్ కంపెనీకి కలకత్తాలో షోరూమే ఉండేది. రాజులూ జమీందార్లూ వాళ్ల షాండ్లియర్లు ఏరికోరి కొనేవారు.

అప్ప: ఆస్లర్ మాట నిజమేరా. కానీ వాళ్లకి పేరు తెచ్చింది సీసం కలిపి సానపట్టిన కట్ గ్లాస్. అది బరువుగా ఉంటుంది, వేలితో మీటితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఇదేమో తేలిగ్గా ఉంది, టక్కుమని ఆగిపోతోంది. ఏదీ, బోర్లించు.

తమ్ముడు: అడుగున ముద్రేమీ లేదు. పాత గాజు సామాన్లలో చాలావాటికి ఉండదు కూడా. అందుకే ఎవరింట్లోంచి వచ్చిందన్నది ముఖ్యం అంటున్నాను.

అప్ప: ముద్ర లేకపోయినా అడుగు చాలా చెబుతుంది. చేత్తో ఊది చేసేటప్పుడు గాజు అడుగుకి ఇనుప కడ్డీ అంటించి పట్టుకుని మూతి సరిచేస్తారు. ఆ కడ్డీ విరిచినచోట గరుకు మచ్చ మిగులుతుంది. దాన్ని అరగదీస్తే గుండ్రటి పల్లం పడుతుంది. నీ గ్లాసుకి రెండూ లేవు. పైగా పక్కల చూడు, నిలువు గీతలు. అచ్చు ముక్కలు కలిసిన చోట్లవి.

తమ్ముడు: అచ్చు గాజు మాత్రం పాతది కాకూడదా? లోపల బుడగలు కూడా ఉన్నాయి.

అప్ప: కావచ్చు. అమెరికాలో 1820ల నుంచే అచ్చులో ఒత్తి చేస్తున్నారు. బుడగలు మాత్రం వయసు చెప్పవు, నిన్న చేసిన నాసిరకం గాజులోనూ ఉంటాయి. అసలు ఈ మెరుపు చూడు. వేడి గాజు మీద లోహ లవణాలు చల్లితే వస్తుంది. కార్నివాల్ గ్లాస్ అంటారు. అమెరికాలో ఫెంటన్ కంపెనీ 1907లో మొదలుపెట్టింది. మన దేశంలో ఉత్తరప్రదేశ్ ఫిరోజాబాద్‌లోని జైన్ గ్లాస్ వర్క్స్ 1930ల నుంచి కొన్ని దశాబ్దాలు చేసింది. పూల డిజైన్‌లో బాగా వెతుకు.

తమ్ముడు: ఆగు. ఆకుల కింద ఇంగ్లిష్ అక్షరాలున్నాయి. జె, ఎ, ఐ, ఎన్. అంటే ఇంత డబ్బు పోసి దేశీ సరుకు కొన్నానా?

అప్ప: దేశీ అయితే తక్కువా? విదేశాల్లో సేకరించేవాళ్లు కూడా వీటికోసం వెతుకుతారు. కొలిమి సెగలో నిలబడి దీన్ని చేసినవాడి పేరు మనకి తెలియదు. వాడి పనితనం తీసుకెళ్లి ఇంగ్లండ్ ఖాతాలో వేస్తే నాకు కష్టంగా ఉంటుందిరా.

తమ్ముడు: సరే, జమీందారు ఇంట్లో ఫిరోజాబాద్ గ్లాసు ఉండకూడదని లేదుగా?

అప్ప: లేదు. ఆ మాట ఒప్పుకుంటాను. అమ్మినవాళ్ల మాట నిజమే కావచ్చు. అది వేరే కాగితం మీద రాసిపెట్టు, ఎవరు చెప్పారో కూడా రాయి. గ్లాసు ఎక్కడ పుట్టిందో మాత్రం గ్లాసునే అడగాలి.

తమ్ముడు: అదే కొట్టులో లేతపచ్చ గిన్నె ఒకటుంది. అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే పచ్చగా వెలిగింది. రంగు కోసం కాస్త యురేనియం కలిపిన గాజు, దాని వయసులో అనుమానమే లేదు.

అప్ప: ఉంది. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో 1830లలోనే చేశారు, నిజమే. కానీ ఇప్పటికీ చేస్తున్నారు. మాంగనీసు ఉన్న గాజు కూడా మసకగా వెలుగుతుంది. టార్చి గాజులో ఏం కలిసిందో చెబుతుంది కానీ ఎప్పుడు చేశారో చెప్పదు. దానికి అరుగుదల చూడాలి. ఏళ్లతరబడి అల్మారాలో జరిపిన గిన్నెకి, అడుగున బల్లకి ఆనే అంచు మీదే సన్నగీతలు పడతాయి, అవీ అడ్డదిడ్డంగా. అన్నీ ఒకే వైపుకి ఉన్నాయంటే ఉప్పుకాగితంతో రుద్దారేమోనని అనుమానించాలి.

తమ్ముడు: బేరం ఇంకా తెగలేదు. రేపు నువ్వూ రా.

అప్ప: వస్తాను. భూతద్దం తెస్తాను. అడుగు చూసేదాకా ధర మాట ఎత్తకు.