ఆ పిన్ను విరగలేదు, మహాశయా!

విజయవాడ గవర్నరుపేటలోని ఒక కంప్యూటర్ దుకాణంలో ఈ మధ్యాహ్నం నాకు జరిగిన సన్మానం గురించి చెప్పుకోకపోతే ఈ రాత్రి నిద్ర పట్టేలా లేదు. డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే) పనితో మమ్మల్ని చదివించిన మా నాన్నగారి పాత కంప్యూటర్‌లోని 40 జీబీ ఐడీఈ (వెడల్పాటి కేబులుతో తగిలించే పాత రకం) హార్డ్ డిస్కును ఇప్పటి కంప్యూటర్‌కు తగిలించి, ఆయన పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లను తీసుకుందామని వెళ్లాను. కౌంటరు దగ్గరి కుర్రవాడు డిస్కును వెనక్కి తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి చూసి, "మధ్యలో పిన్ను విరిగిపోయింది సార్, ఇది పోయినట్టే" అని తీర్పు చెప్పి, అదే ఊపులో కొత్త రకం డిస్కులైన ఎస్‌ఎస్‌డీల ధరలు చదవడం మొదలుపెట్టాడు.

అయ్యా, ఆ పిన్ను విరగలేదు, అక్కడ అసలు పెట్టనేలేదు. ఐడీఈ కనెక్టరులో 40 పిన్నుల చోటుంటే, కేబులును ఎవరూ తిరగేసి గుచ్చకుండా 20వ చోటును కావాలనే ఖాళీగా వదిలేస్తారు. ఐడీఈ స్థానంలోకి వచ్చిన సాటా డిస్కులు 2003లోనే బజారుకు వచ్చాయి కాబట్టి ఈ కాలపు కుర్రవాడికి ఐడీఈ తెలియకపోవడాన్ని నేను తప్పుపట్టను. తెలియనిదానికి మరణ ధ్రువపత్రం రాసివ్వడమే నాకు మంట.

పైగా "పోనీ, ఒకసారి ఫార్మాట్ కొట్టి చూద్దామా సార్?" అన్నాడు. చచ్చిన డిస్కుకు ఫార్మాట్ ఎలా కొడతారో ఆయనకే తెలియాలి. 2011లో గుంటూరు అరండల్‌పేటలో, వైరస్ తీయమని ఇచ్చిన కంప్యూటర్‌ను మరొక మహానుభావుడు మాటమాత్రమైనా అడగకుండా ఫార్మాట్ చేసి, మా అక్కయ్య పెళ్లి ఫొటోలన్నీ తుడిచిపెట్టి, "కొత్తదానిలా చేశాను సార్" అంటూ 300 రూపాయలు పుచ్చుకున్నాడు. ఆయన హాయిగానే ఉండి ఉంటాడు, ప్రతి పెళ్లిరోజుకూ అక్షింతలు మాత్రం నాకే పడుతున్నాయి.

చివరికి ఐడీఈ డిస్కును యూఎస్‌బీకి కలిపే అడాప్టరు పెట్టుకుని ఇంట్లో నేనే కూర్చున్నాను. యూఎస్‌బీ నుంచి వచ్చేది 5 వోల్టులే కాగా, మూడున్నర అంగుళాల డిస్కు మోటారుకు 12 వోల్టులు కావాలి కనుక, అడాప్టరుతో వచ్చిన నాలుగు పిన్నుల పవర్ వైరును విడిగా తగిలించాను. అయినా డిస్కు కనిపించకపోతే, ఒకే కేబులు మీది రెండు డిస్కుల్లో ఇది మొదటిదో (మాస్టర్) రెండోదో (స్లేవ్) చెప్పే, స్లేవ్ స్థానంలో ఉన్న గోరంత జంపరును మా ఆవిడ కనుబొమల పట్టకారుతో పీకి మాస్టర్‌కు మార్చాను. అది సన్నగా కూతపెట్టి తిరిగింది, ఫోల్డర్లన్నీ వరుసగా తెరుచుకున్నాయి.

నాన్నగారు కూర్చిన పెళ్లి శుభలేఖలు 'అను' అనే తెలుగు ఫాంట్లు నా కంప్యూటర్‌లో లేక ప్రస్తుతానికి పిచ్చి గీతల్లా కనిపిస్తున్నాయి, ఆ సంగతి రేపు చూసుకుంటాను. ఇది రాస్తున్న సమయానికి 11 జీబీ కాపీ అయింది, ఆ "విరిగిన" పిన్నుతోనే.