అయిదో పుట్టినరోజు: ఆహార వివాదాల ట్రిబ్యునల్

కృష్ణా జలాల పంపిణీకి కేంద్రం 2004లో వేసిన రెండో ట్రిబ్యునల్ 2025లోనూ విచారణ జరుపుతూనే ఉంది. ఇంత ఆలస్యమా అని విసుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇకమీదట విసుక్కోను. మా అమ్మాయి అయిదో పుట్టినరోజుకు ఏం వడ్డించాలో తేల్చడానికి ఇంట్లో అయిదుగురం కూర్చున్నాక, ఇరవై ఒక్క ఏళ్లంటే కాస్త తొందరపాటు కిందే లెక్కని నాకు అర్థమైంది.

మాదీ అంతర్రాష్ట్ర వివాదమే. నాది కరీంనగర్, మా ఆవిడది భీమవరం, కాపురం హైదరాబాదులో. పదేళ్ల ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో తీరిపోయిందని మా అమ్మ అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంది. వంటగదికి ఆ చట్టం వర్తించదన్నది మా అత్తగారి వాదన. మామూలు రోజుల్లో అడుగంటి ఉండే ఈ వ్యవహారం, పాప పుట్టినరోజు దగ్గరపడేసరికి నిండు జలాశయ మట్టానికి చేరింది. గేట్లు ఎత్తక తప్పని స్థితిలో నేను సంఘాన్ని నియమించాను.

సంఘంలో మా అమ్మ, మా అత్తగారు, మా మామగారు, మా ఆవిడ సభ్యులు. నేను ప్రత్యేక ఆహ్వానితుణ్ణి. ఓటు లేదు, బిల్లు ఉంది. పాపకు సభ్యత్వం ఇవ్వలేదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. ఆనకట్ట కట్టేటప్పుడు లబ్ధిదారుణ్ణి పిలిచి బోర్డులో కూర్చోబెట్టిన దాఖలా ఎక్కడైనా ఉందా? అయినా ప్రజాస్వామ్యం మీద గౌరవంతో ప్రజాభిప్రాయ సేకరణ జరిపాం. బడి నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్న పిల్లను ఆపి, "తల్లీ, నీ పుట్టినరోజుకు అందరికీ ఏం పెడదాం?" అని అడిగాం.

"ఉప్మా వద్దు" అంది.

అది సరే, ఏం కావాలో చెప్పమన్నాం.

"ఉప్మా వద్దు" అని రెండో బూటు విప్పుకుని వెళ్లిపోయింది. మినిట్స్‌లో రాసుకున్నాం. సేకరణ ప్రశాంతంగా ముగిసింది.

తొలి వివాదం తీపి దగ్గర వచ్చింది. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పిస్తామన్నారు మా అత్తగారు. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక ఇక చర్చ అనవసరమన్నారు. మా అమ్మ భక్ష్యాలు చేయించాలంది. ఆ పేరు తామెరుగమని, అంతగా కావాలంటే బొబ్బట్లు చేయించుకోవచ్చని మా అత్తగారు ఉదారంగా అన్నారు. భక్ష్యాలు ఉండగా బొబ్బట్లు ఎందుకని మా అమ్మ. రెండు రోజుల వాదోపవాదాల తరువాత మా మామగారు వార్తాపత్రిక మడిచి, రెండూ ఒకటేనని, శనగపప్పూ బెల్లమూ కలిపిన పూర్ణాన్నే ఇద్దరూ పిండిలో పెట్టి ఒత్తుతారని సాక్ష్యం ఇచ్చారు. ఆ సాయంత్రం ఆయనకు ఎవరూ కాఫీ ఇవ్వలేదు.

వాతావరణం తేలిక పరుద్దామని నేను, కృష్ణా నీళ్లలో 2015 నాటి తాత్కాలిక సర్దుబాటు ఉండనే ఉంది కదా, 512, 299 నిష్పత్తిలో పంచుకుందామన్నాను. నవ్వుతారనుకున్నాను. "ఎవరికి 512?" అంది మా అమ్మ. వియ్యపురాళ్లిద్దరూ మొదటిసారి ఒకే వైపుకు, అంటే నా వైపుకు తిరిగారు. చివరికి పూతరేకులూ భక్ష్యాలూ చెరి సగం అని తేలింది. పిల్లలు ఈ రెండింటిలో ఏదీ ముట్టుకోరన్న సంగతి అప్పుడే చెబితే సంఘం మనుగడకే ముప్పని ఊరుకున్నాను.

రెండో వివాదాన్ని పంచాంగం తెచ్చిపెట్టింది. పాప పుట్టింది నవంబరు 10న. 2025లో అది సోమవారం. ఉత్త సోమవారం కాదు, కార్తీక సోమవారం. బంధువుల్లో సగం మందికి ఉపవాసం, మిగతా సగానికి ఆఫీసు. కనుక ఒక రోజు ముందుకు, ఆదివారానికి జరిపాం. ఆదివారం అన్న మాట నోట్లోంచి రాగానే కరీంనగర్ పక్షం మటన్ అంది. మటన్ లేని భోజనానికి రమ్మంటే మా చిన్నాన్న ముందు "ఎవరు పోయారు?" అని అడుగుతాడు. అయితే ఆదివారమైనా కార్తీకం కార్తీకమే. భీమవరం పక్షం నెల పొడవునా నీచు ముట్టదు. మా బావమరిది అయ్యప్ప మాల వేసుకున్నాడు. నలభై ఒక్క రోజుల దీక్షలో ఉన్న స్వామి మటన్ వాసన వచ్చే హాలు మెట్లు కూడా ఎక్కడు. చెరో మూలా రెండు కౌంటర్లు పెడదామని నేను ప్రతిపాదించాను. అప్పుడు గరిటె సమస్య ముందుకొచ్చింది. మటన్ గిన్నెలోని గరిటెను తీసుకెళ్లి పప్పులో పెట్టే మనిషి ప్రతి విందులోనూ ఒకడుంటాడు. అతణ్ణి గుమ్మం దగ్గరే గుర్తుపట్టే పద్ధతిని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. మటన్ కొట్టేశాం. దానితో పాటే కేకులోని గుడ్డు కూడా పోయింది.

శాకాహారమని తేలాక ఇక చిక్కేమీ ఉండదని మాంసాహారులు అమాయకంగా అనుకుంటారు. శాకాహారానికి ఎన్ని శాఖలున్నాయో వాళ్లకేం తెలుసు! పక్క ఫ్లాటులో జైన కుటుంబం. వాళ్ల పాపా మా పాపా బడిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, క్యారెట్, అల్లం లాంటి, నేల లోపల పెరిగే దుంపలూ గడ్డలూ వాళ్లకు నిషిద్ధం. ఆ దెబ్బకు చిప్స్ పోయాయి, సమోసా పోయింది. తరగతిలో ఒక అబ్బాయికి వేరుశనగ పడదు. మా మామగారికి షుగర్. నాలుగో అంతస్తులో ఉండే ఒక తల్లి, మైదా, పంచదార ఉన్నచోటికి తన బిడ్డను పంపదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కదా, ఆవిడకు ఆ సంవత్సరం ఇంకా ముగియలేదు. కేకును రాగిపిండితో చేయించకూడదా అని నన్ను లిఫ్టులో అడిగింది. లిఫ్టు ఆగేదాకా ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను.

ఇవన్నీ దినుసుల తగాదాలు, ఎలాగో సర్దుకోవచ్చు. అసలు తగాదా గడియారంతో వచ్చింది. ఆహ్వానంలో సాయంత్రం 5:30 అని వేయించాం. మా అమ్మ చూసి, ఆదివారం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం, ఆ వేళలో పిల్ల చేతికి కత్తి ఇస్తారా అంది. కనుక కేకు ఆరు దాటాకే. జైన కుటుంబం సూర్యాస్తమయం తరువాత తినదు. నవంబరు రెండో వారంలో హైదరాబాదు సూర్యుడు 5:40 ప్రాంతానికే సెలవు తీసుకుంటాడు. కనుక వాళ్లకు కేకుకు ముందే వడ్డించాలి. ఇక మా ఆవిడ మేనత్త కార్తీకమంతా నక్తం ఉంటుంది. పగలంతా పస్తు, చుక్కలు చూశాకే భోజనం. మా కాలనీ దీపాల వెలుగులో చుక్క కనబడాలంటే ఒక్కోసారి ఎనిమిదవుతుంది, మబ్బు పడితే దేవుడే దిక్కు. అంటే ఒకే విందులో ఒకరికి పొద్దు ఉండగా పెట్టాలి, మరొకరికి చుక్క పొడిచాక పెట్టాలి. పుట్టినరోజు పిల్లకు మాత్రం కేకు కోసేదాకా ఏమీ పెట్టకూడదు, గౌను మీద మరకలు పడతాయి. అరగంటకో గడి గీసి నేనొక పట్టిక తయారుచేశాను. ఎటు నుంచి చూసినా లోపం భూమి తిరిగే తీరులోనే ఉందని తేలింది. అది సంఘం పరిధిలోకి రాదని పక్కన పెట్టాం.

ఈ షరతులన్నీ రెండు పేజీలకు కుదించి క్యాటరింగ్ ఆయనకు ఇచ్చాను. ఆయన అవి చదవలేదు. జేబులోంచి తన జాబితా తీసి వినిపించాడు: స్వీట్ కార్న్, గోబీ మంచూరియా, బేబీకార్న్, నూడుల్స్, పాస్తా, రుమాలీ రోటీ, పనీర్ బటర్ మసాలా, వెజ్ బిర్యానీ, లైవ్ కౌంటర్‌లో దోసె, పక్కన పానీపూరీ, మూలన పీచు మిఠాయి. ఇందులో మేము చెప్పినవేవీ లేవే అంటే, "అందరూ ఇదే పెడుతున్నారు సార్" అన్నాడు. నా జీవితంలో ఇంత తిరుగులేని తీర్పు ఏ న్యాయస్థానంలోనూ వినలేదు. ట్రిబ్యునళ్లు వేసే బదులు ఈయనను కృష్ణా బేసిన్‌కు పంపితే సరిపోతుంది.

అయినా గోబీ మంచూరియా దగ్గర నేను నిలబడ్డాను. మంచూరియా అన్న దేశభాగం చైనాలో ఈశాన్యాన ఉందనీ, అక్కడివాళ్లకు ఈ పదార్థం సంగతి తెలియదనీ నాకు తెలుసు. దానితో నాకు పేచీ లేదు. నా పేచీ రంగుతో. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనూ పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగునూ నిషేధించింది. తమిళనాడు అంతకు నెల ముందే పీచు మిఠాయిని ఆపేసింది. అదే ఏడాది అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఇవన్నీ ఏకరువు పెట్టి, రంగు వేయకుండా మంచూరియా చేయమన్నాను. క్యాటరింగ్ ఆయన ముఖంలో మొదటిసారి బాధ కనిపించింది. "రంగు లేకపోతే పిల్లలు గుర్తుపట్టరు సార్" అన్నాడు. తరువాత తేలిందేమిటంటే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

పీచు మిఠాయి బదులు పాప్‌కార్న్ అనుకున్నాం. ఉప్పుదా, తీపిదా అన్న ప్రశ్న వచ్చింది. ఇదేదో చిన్న ప్రశ్న అనుకోకండి. 2024 డిసెంబరులో కేంద్ర, రాష్ట్రాల ఆర్థిక మంత్రులుండే జీఎస్టీ మండలి జైసల్మేర్‌లో సమావేశమై పాప్‌కార్న్ గురించి స్పష్టత ఇచ్చింది. అప్పట్లో ఉప్పూ కారమూ చల్లి విడిగా అమ్మితే 5 శాతం పన్ను, పొట్లం కట్టి పేరు ముద్రిస్తే 12, పంచదార పాకం పట్టిస్తే అది మిఠాయి కింద మారి 18. ఒక్క మొక్కజొన్న గింజకు మూడు గతులు. దేశం మొత్తానికి కావలసిన డబ్బు లెక్క చూసే పెద్దలే తీపి, ఉప్పు తేల్చడానికి ఎడారి దాకా వెళ్లవలసి వచ్చినప్పుడు, మా డ్రాయింగ్ రూములో మూడు వారాలు పట్టిందని మమ్మల్ని ఎవరూ ఎత్తిపొడవనక్కరలేదు.

నా చిన్నప్పుడు పుట్టినరోజంటే పొద్దున తలంటు, గుడి, పరమాన్నం. బడిలో ఒక చాక్లెట్ పొట్లం. సాయంత్రం ఎవరైనా వస్తే కాగితం పళ్లెంలో కేకు ముక్క, గుప్పెడు మిక్చర్, రెండు బిస్కట్లు. ఎవరికి ఏం పడదో ఎవరూ అడగలేదు. అడిగే సంఘమే లేదు. ఆ చీకటి యుగాన్ని మెచ్చుకునేవాళ్లంటే నాకు గౌరవం లేదు.

కేకు గురించి ఒక్క మాట. మూడంతస్తుల కేకు కావాలని మా ఆవిడ, అంత ఎవరు తింటారని నేను. దుకాణంలో అమ్మాయి నన్ను జాలిగా చూసి, కింది రెండంతస్తులూ థర్మోకోల్ అని చెప్పింది. పైన పూత మాత్రం చక్కెర ముద్దతో వేస్తారట, ఫొటోలో తేడా తెలియదట. ఆలోచించి చూడగా, గుడ్డు లేదు, మైదా లేదు, ఉల్లి లేదు, వేరుశనగ లేదు, షుగర్ వాళ్లకు భయం లేదు, రాహుకాలంలోనైనా నిలుస్తుంది. మా సంఘం షరతులన్నింటినీ నెరవేర్చిన ఏకైక పదార్థం ఆ థర్మోకోల్. దాన్ని వడ్డించలేకపోవడం ఒక్కటే లోటు.

విందు రోజు సాయంత్రం నాలుగున్నరకు జైన కుటుంబం ముందుగా ఇంటికే వచ్చింది. క్యాటరింగ్ బండి ఇంకా ట్రాఫిక్‌లో ఉంది. పొద్దు వాలుతోంది. ఏం పెట్టాలి? మా అమ్మ లేచి వంటగదిలోకి వెళ్లింది, వెనకే మా అత్తగారు. ఇద్దరూ ఒకే పొయ్యి ముందు నిలబడటం చూసి నాకు గుండె దడదడలాడింది. పావుగంటలో బయటికి వచ్చారు. ఉల్లి లేదు, అల్లం లేదు, వేరుశనగ లేదు. మైదా ఊసు లేదు. మామగారిని దృష్టిలో పెట్టుకుని గోధుమరవ్వ. తలస్నానం చేసిన చేతి వంట గనుక అయ్యప్ప స్వామికి రాత్రి అల్పాహారానికి పనికివస్తుంది. చుక్క పొడిచాక నక్తం మేనత్తకూ అభ్యంతరం లేదు. అంతర్రాష్ట్ర ఏకాభిప్రాయం సాధించిన ఆ గిన్నెలోకి తొంగి చూశాను.

ఉప్మా.

జైన దంపతులు రెండేసి సార్లు వడ్డించుకున్నారు. చిరుధాన్యాల తల్లి దారిన పోతూ ఒక గిన్నె అడిగి తీసుకుంది.

కింద హాల్లో కేకు ఏడింటికి కోశారు. రంగులేని మంచూరియాను పిల్లలు గుర్తుపట్టలేదు. ఉడికించిన దుంపలనుకుని దాటిపోయారు. పూతరేకులు, భక్ష్యాలు సమాన సంఖ్యలో మిగిలాయి. ఉభయ పక్షాలూ ఎదుటివాళ్లవే ఎక్కువ మిగిలాయని లెక్కపెట్టుకుని తృప్తి పడ్డాయి. మేము హామీ ఇచ్చింది 120 ప్లేట్లకు, తిన్నది 84 మంది. తినని 36 మందికీ డబ్బు కట్టాను. మా చిన్నాన్న నా చెవిలో, "ఇంతకీ ఎవరు పోయారు?" అన్నాడు.

పాపను పట్టుకుని అందరూ ఫొటోలు దిగారు. ఆ రద్దీలో ఆ పిల్ల తిన్నది కేకు మీది క్రీము పువ్వు ఒక్కటే. రాత్రి పదింటికి గౌను విప్పుతుంటే ఆకలి అంది. క్యాటరింగ్ వాళ్లు గిన్నెలు కడిగేసుకుని వెళ్లిపోయారు. మిగిలిన బిర్యానీని వాచ్‌మన్ కుటుంబానికి అప్పుడే ఇచ్చేశాం. ఇంట్లో ఉన్నది ఒకే ఒక గిన్నె. మా అమ్మ అందులోంచి కొంచెం తీసి, నెయ్యి వేసి, పంచదార చల్లి, గుర్తుపట్టకుండా గిన్నెలో అణిచి బోర్లించి తెచ్చింది.

పాప దాని వంకా, మా అందరి వంకా చూసింది. నాలుగు ముద్దలు తిని నిద్రపోయింది. ఆమె అసమ్మతిని మినిట్స్‌లో నమోదు చేశాం. 2026లో నవంబరు 10 మంగళవారం వస్తుంది; మంగళవారం మాంసం ముట్టనివాళ్ల పేర్లు మా అత్తగారు అప్పుడే రాసుకుంటున్నారు.